సర్దుకుపోవడం ఎవరి వంతు?

మొన్న విద్యార్థి సంఘం సభలో ఒక మిత్రుడు ఐకమత్యం గురించి ఆవేశంగా మాట్లాడుతూ "ఒంటి చేత్తో చప్పట్లు మోగవు, సోదరులారా!" అన్నాడు. అంటూనే ముందు వరుసలో కూర్చున్న నన్ను చూసి నాలిక కరుచుకున్నాడు. సభ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అందరి చూపులూ నా చొక్కా కుడి చేతి మీద పడ్డాయి. ఆ చొక్కా చేతిలో మోచేతి కింద నాలుగంగుళాల దాకానే చెయ్యి ఉంది. అక్కణ్ణించి ఖాళీ.

నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎడమ అరచేత్తో ఎదురుగా ఉన్న బల్ల మీద టపటపా కొట్టాను. చప్పుడు బాగానే వచ్చింది. తక్కినవాళ్ళు తేరుకుని చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక ఆ మిత్రుడు నా దగ్గరికొచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. "సామెత చేసింది నువ్వు కాదుగదరా!" అన్నాను. ఈ సంచికకి ఏదైనా రాయమని కార్యదర్శి అడిగినప్పుడు నాకు ఆ బల్ల చప్పుడే గుర్తుకొచ్చింది.

ముందుగా నా సంగతి క్లుప్తంగా చెబుతాను. జాలి కోసం కాదు, విషయం బోధపడటం కోసం. మాది మెట్ట ప్రాంతంలో ఒక పల్లెటూరు. మూడెకరాల చేను, రెండు గేదెలు, అమ్మ, నాన్న, నాయనమ్మ. నాకు పద్నాలుగో ఏడు. తొమ్మిదో తరగతి దసరా సెలవుల్లో గేదెలకి జొన్నచొప్ప కోస్తున్నాను. కరెంటు మిషను. దాని నోట్లో చొప్పని లోపలికి లాక్కునే రెండు పళ్ళ చక్రాలుంటాయి, వాటి వెనక కత్తులు తిరుగుతుంటాయి. చొప్ప ఇరుక్కుంటే చేత్తో నెట్టాను. మా ఊళ్ళో అందరూ అలాగే నెడతారు. చొప్పతోబాటు చెయ్యీ లోపలికి పోయింది. స్విచ్చి గోడకుంది, నాకు ఆరడుగుల దూరంలో. అమ్మ పరుగెత్తుకొచ్చి ఆపేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

మన కళాశాలలో రైతుబిడ్డలు చాలామంది ఉన్నారు గనుక ఇక్కడే ఒక మాట. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ మిషను దగ్గరికి పోయి చూడండి. చెయ్యి చక్రాల దాకా పోకుండా దాని నోటికి మూత ఉందా? స్విచ్చి కూర్చున్నవాడి చేతికి అందుతుందా? వేలో, చెయ్యో తెగిపోతే ఆ ముక్కని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసులో ఉంచి, మనిషితోబాటు వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. ముక్కని నేరుగా ఐసులో వెయ్యకూడదు. నలిగిపోయిన నా చేతికి అది కూడా పనికొచ్చేది కాదని డాక్టరుగారు అన్నారు గాని, ఇంకొకరికి పనికిరావచ్చు. వ్యవసాయంలో వాడే ప్రమాదకరమైన యంత్రాల నియంత్రణకీ, నష్టపరిహారానికీ మన పార్లమెంటు 1983లోనే చట్టం చేసింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు గడిచినా మా పశువుల కొట్టంలో మిషనుకి మూత లేదు. చట్టం చెయ్యడం వేరు, మూత బిగించడం వేరు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చుట్టాలందరూ వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ పోతూ పోతూ అన్న మాట ఒకటే: "ఏం చేస్తాం నాయనా, సర్దుకుపోవాల." ఆరేళ్ళుగా ఆ మాట వింటూనే ఉన్నాను. సర్దుకుపోవడం నా వంతేనా, ఎదుటివాళ్ళకి అందులో భాగం లేదా అన్నదే ఈ వ్యాసంలో నేను అడగదలచిన ప్రశ్న.

నా వంతు నేను చేశాను. అదేం గొప్ప కాదు, గత్యంతరం లేని పని. మొదట చొక్కా బొత్తాలు. ఒంటి చేత్తో ఏడు బొత్తాలు పెట్టుకోవడానికి మొదటిరోజు ఇరవై నిమిషాలు పట్టింది. చెమటలు కారాయి. అమ్మ సాయానికొస్తే కసిరాను, తర్వాత ఏడ్చాను. లుంగీ అయితే ఒక కొస పళ్ళతో పట్టుకుని బిగించుకోవాలి. తడిబట్ట పిండాలంటే కుళాయి గొట్టానికి చుట్టి మెలిపెట్టాలి. సైకిలుకి రెండు బ్రేకుల తీగలూ ఎడమ పక్క పిడికే కలిపి ఇచ్చాడు మా ఊరి మెకానిక్కు. బస్సెక్కాలంటే టిక్కెట్టు చిల్లర ముందే జేబులో సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే నిలబడ్డాక ఉన్న ఒక్క చెయ్యీ కడ్డీ మీదే ఉంటుంది. సెల్‌ఫోను మాత్రం ఇప్పుడు లోకమంతా ఒంటి చేత్తోనే నొక్కుతోంది. ఆ విషయంలో నేనెవరికీ తీసిపోను!

రాత పెద్ద గండం. కుడిచేతి వాటం వాణ్ణి. పద్నాలుగేళ్ళప్పుడు మళ్ళీ అ, ఆల దగ్గర మొదలుపెట్టాను. కాగితం జారిపోయేది, మొండి చేత్తో అదిమిపెట్టడం నేర్చుకున్నాను. రాసిన అక్షరం మీదుగానే ఎడమ చెయ్యి పోతుంది గనుక సిరా అంతా అలుక్కుపోయేది. కాగితాన్ని వాలుగా తిప్పుకుని, పెన్ను మార్చుకుంటే కుదిరింది. నాలుగు నెలలకి అక్షరాలు నిలబడ్డాయి. ఈ వ్యాసం రాసింది ఆ చెయ్యే.

పోయిన చెయ్యి పూర్తిగా పోలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. లేని పిడికిలి రాత్రిపూట బిగుసుకుపోయేది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నట్టు నొప్పి. ఎవరికైనా చెబితే పిచ్చి పట్టిందంటారని మాట్లాడలేదు. ఇంటర్మీడియట్‌లో చేరాక చదివాను: దీన్ని ఇంగ్లీషులో 'ఫాంటమ్ లింబ్' అంటారట. ఆ పేరు పెట్టినవాడు సైలాస్ వైర్ మిచెల్ అనే అమెరికన్ వైద్యుడు, 1871లో. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదువుకుని అమెరికా వెళ్ళిన వి.ఎస్. రామచంద్రన్ 1990 దశకంలో దీనికి అద్దంతో ఒక ఉపాయం కనిపెట్టాడు. మొండి చేతిని అద్దం వెనక దాచి, బాగున్న చెయ్యిని అద్దం ముందు పెట్టి మెల్లగా తెరవాలి. అద్దంలో ప్రతిబింబం పోయిన చెయ్యి లాగే కనిపిస్తుంది. అది తెరుచుకోవడం చూసి మెదడు నమ్ముతుంది. నేను అమ్మ అద్దాన్ని అట్టపెట్టెలో నిలబెట్టి చేశాను. బిగుసుకున్న పిడికిలి కొంత సడలింది. సైన్సు చదవాలని నేను గట్టిగా అనుకున్నది ఆ రోజే.

పాలు పితకడం కూడా మళ్ళీ నేర్చుకున్నాను. కొత్త చెయ్యి తగిలేసరికి గేదె మొదట చేపలేదు, తన్నింది కూడా. మూడు వారాలకి ఒప్పుకుంది. దానికి నా మీద జాలి లేదు, మెచ్చుకోలూ లేదు. పిండడం సరిగా ఉందా లేదా అన్నదే దానికి కావలసింది. అందుకే దాని దగ్గర తొందరగా నేర్చుకున్నాను. మనుషుల దగ్గర అలా కుదరలేదు.

మన దేశంలో ఎడమచెయ్యి అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ చేత్తో డబ్బివ్వకూడదు, ప్రసాదం పుచ్చుకోకూడదు, అన్నం అసలే తినకూడదు. నాకున్నదే అది. ఒకసారి పెళ్ళి బంతిలో కూర్చుని ఎడమచేత్తో కలుపుకుంటుంటే పక్కనున్న పెద్దాయన విస్తరి పట్టుకుని అవతలికి జరిగాడు. ఆయనకి నా కుడి పక్క కనపడలేదేమో! నేను సగంలో లేచిపోయాను. ఆ తర్వాత ఏడాది దాకా ఏ పెళ్ళికీ పోలేదు. ఆకలికన్నా ఆ చూపు బాధించింది. ఇంట్లో నాయనమ్మ మాత్రం నా పక్కనే కూర్చుని, "ఎడమా లేదు, గిడమా లేదు. మిగిలిందే కుడిచెయ్యి. తిను" అంది. బడి గుమ్మం తొక్కని మా నాయనమ్మ శాస్త్రాన్ని అంత సులువుగా సవరించింది. తను సర్దుకుంది, నాకు అన్నం దిగింది.

ఊళ్ళోవాళ్ళ మాట పడలేక నాన్న నన్ను ఒక ఉచిత శిబిరానికి తీసుకెళ్ళి కృత్రిమ హస్తం పెట్టించాడు. చూడటానికి చెయ్యిలాగే ఉంది, నాకన్నా రెండు ఛాయలు తెలుపు. వేళ్ళు కదలవు. ఎండాకాలంలో లోపల చెమట పట్టి ఒరుసుకుపోయేది. దానితో గ్లాసు పట్టుకోలేను, కాగితం అదమలేను. అది నాకోసం కాదు, చూసేవాళ్ళ కోసం చేసిన చెయ్యి అని కొన్నాళ్ళకి అర్థమైంది. ఇప్పుడది మా ఇంట్లో పెట్టెలో ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడూ, డాక్టర్ పి.కె. సేఠీ అనే శస్త్రవైద్యుడూ కలిసి ఒక కృత్రిమ పాదం తయారుచేశారు. అప్పటిదాకా వాడుకలో ఉన్న పాశ్చాత్య పాదాలకి బూటు కావాలి, వాటితో గొంతుక్కూర్చోవడం కుదరదు. మన రైతు బూట్లేసుకుని మడిలో దిగడు గదా! వట్టి కాలితో నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, బురదలో దిగడానికి వీలుగా వాళ్ళు రబ్బరుతో పాదం చేశారు. ఆ పనికి డాక్టర్ సేఠీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అందులోని గొప్పతనం రబ్బరులో లేదు. మనిషిని వస్తువుకి తగ్గట్టు సర్దుకోమనకుండా వస్తువునే మనిషికి తగ్గట్టు సర్దారు. అదీ సంగతి.

ఆ జైపూరు కాలుతోనే సుధా చంద్రన్ మళ్ళీ నాట్యం చేసింది. 1981లో రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న ఆమె కథని సింగీతం శ్రీనివాసరావుగారు 'మయూరి'గా తీస్తే ఆమే నటించింది. ఆ సినిమా మన ఉపన్యాసకుల్లో చాలామంది చూసే ఉంటారు. ఎడమచెయ్యి లేని రాజస్థాన్ యువకుడు దేవేంద్ర ఝఝారియా 2004లో ఏథెన్స్‌లోనూ, 2016లో రియోలోనూ పారాలింపిక్స్‌లో ఈటె విసిరి స్వర్ణ పతకాలు తెచ్చాడు. వీళ్ళంటే నాకెంతో గౌరవం. కాని ప్రతి మనిషీ వాళ్ళ పేర్లు చెప్పి నా భుజం తట్టినప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. రెండు చేతులున్న వాళ్ళందరూ పతకాలు తెస్తున్నారా? వాళ్ళకి మామూలుగా బతికే హక్కుంది గదా, నాకెందుకు లేదు? పద్నాలుగేళ్ళ పిల్లవాడికి కావలసింది స్వర్ణ పతకం కాదు. బొత్తాం పెట్టుకోవడం, స్నేహితులతో బంతాట, పెళ్ళిలో కడుపునిండా భోజనం.

పేర్ల సంగతీ అంతే. ఒకప్పుడు వికలాంగులు అన్నారు. ఇప్పుడు ప్రభుత్వం దివ్యాంగులు అంటోంది, విభిన్న ప్రతిభావంతులు అంటోంది. పాత ఎత్తిపొడుపు మాటలకన్నా ఇవి వెయ్యిరెట్లు నయం, కాదనను. అయితే నా చేతిలో దివ్యత్వం ఏమీ లేదు, నాకున్న ప్రతిభ కూడా మీకున్నలాంటిదే. నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు.

ఇక మన కళాశాల సంగతి. మొదటి సంవత్సరం రసాయనశాస్త్ర ప్రయోగశాలలో టైట్రేషన్ మొదలైంది. బ్యూరెట్ తిప్పడానికి ఒక చెయ్యి, కింద ఫ్లాస్కు ఆడించడానికి ఒక చెయ్యి కావాలి. ఒక ఉపన్యాసకులు నన్ను పక్కకి పిలిచి ఎంతో ఆప్యాయంగా, "నువ్వు కష్టపడకు బాబూ. పక్కవాడు చేస్తాడు, రీడింగులు రాసుకో" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, అది ప్రేమే. ఆరు వారాలు అలాగే రాసుకున్నాను. రికార్డు పుస్తకం అందంగా నిండింది. అందులో నాదంటూ ఒక్క అంకె లేదు! పరీక్షకొచ్చే బయటి పరీక్షకుడికి ఏం చూపించాలి? ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడే "ప్రాక్టికల్స్ చెయ్యలేవు, ఆర్ట్స్ తీసుకో" అన్న పెద్దమనిషి మాటే నిజమవుతుందా? చదువు మానేసి ఊరికి పోదామనుకున్నాను. సంచీ కూడా సర్దుకున్నాను.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో పనిచేసే అటెండరుగారి దగ్గర చెప్పుకుని ఏడ్చాను. ఆయనేమీ మాట్లాడలేదు. లోపలి బీరువా తెరిచి, దుమ్ము పట్టిన ఒక చిన్న పెట్టె తీసుకొచ్చి గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టారు. మాగ్నెటిక్ స్టిర్రర్. ఫ్లాస్కులో చిన్న అయస్కాంతపు ముక్క వేసి పెట్టె మీద పెడితే, లోపల ఇంకో అయస్కాంతం తిరిగి ద్రవాన్ని అదే కలుపుతుంది. ఫ్లాస్కు ఆడించే చెయ్యి దొరికింది! బ్యూరెట్ నా ఎడమచెయ్యి తిప్పింది. పిపెట్‌కి రబ్బరు బల్బు తగిలిస్తే అదీ ఒంటి చేత్తోనే అయింది. మరుసటివారం ఫినాఫ్తలీన్ వేసిన ద్రవం నా కళ్ళముందు లేత గులాబీ రంగుకి తిరిగి నిలబడింది. 10.2 మిల్లీలీటర్లు. ఆ అంకె నాది. మేష్టారు రెండుసార్లు చూసి, "ఇంతకాలం అడగలేదేం?" అన్నారు. ఏమడగాలో నాకూ తెలియలేదు, ఏమివ్వాలో ఆయనకీ తెలియలేదు. చిత్రమేమిటంటే తర్వాతివారం నుంచి రెండు చేతులున్న మిత్రులు కూడా ఆ పెట్టె కోసం వరస కట్టారు. ఒకడి కోసం తీసిన వస్తువు పదిమందికి పనికొచ్చింది.

ఇలాంటి ఏర్పాటు ధర్మం కాదు, హక్కు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం దీన్ని సహేతుకమైన వసతి అంటోంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో ఇరవై ఒకటి ఉన్నాయి. నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో అయిదు శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలి. రాత పరీక్షల్లో గంటకి ఇరవై నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలిచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చెయ్యి బిగుసుకుపోయి రాయలేని ఒక అభ్యర్థికి లేఖకుణ్ణి ఇవ్వాల్సిందేనని తీర్పు చెబుతూ ఈ సూత్రాన్నే గట్టిగా నిలబెట్టింది. అదనపు గంట చూసి "నీకేంరా, లాభం" అనే మిత్రులకి ఒక మనవి: ఒక్కసారి అలవాటు లేని చేత్తో ఒక పేజీ రాసి చూడండి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు రెండు కోట్ల అరవై ఎనిమిది లక్షలు. అందులో కోటీ ఎనభై ఆరు లక్షలమంది పల్లెల్లో ఉన్నారు. అంటే వాళ్ళు నాలాంటి ఇళ్ళలో పుట్టినవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది పిల్లలు పెళ్ళి బంతిలోంచి సగంలో లేచిపోయారో, ఎంతమంది సంచీ సర్దుకుని ఇంటికి పోయారో ఏ లెక్కల్లోనూ రాయరు.

కనుక నా మనవి మూడు మాటలు. విద్యార్థి మిత్రులారా, సాయం చేసే ముందు అడగండి. వద్దంటే నొచ్చుకోకండి, నాకు రెండు నిమిషాలు ఎక్కువ పడితే ఆగండి. ఉపన్యాసకులకి నా విన్నపం: "నువ్వు చెయ్యలేవు" అనే ముందు "ఎలా చెయ్యగలవు?" అని అడగండి. మీ బీరువాల్లో దుమ్ము పట్టిన పెట్టెలు ఇంకా ఉండవచ్చు. పూర్వ విద్యార్థులు కళాశాలకి తోరణాలూ, శిలాఫలకాలూ ఇస్తుంటారు, సంతోషం. ఈసారి మెట్ల పక్కన ఒక వాలు దారి వేయించండి. చక్రాల కుర్చీలో వచ్చే తమ్ముడో చెల్లెలో మీ పేరు తలుచుకుంటారు.

సర్దుకుపోవడం నాకు చేతనవును, ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను. మీరు కూడా కొంచెం సర్దుకుని పక్కన చోటివ్వండి. ఒంటి చేత్తో చప్పట్లు మోగవన్నది పాత సామెత. మోగుతాయి మిత్రులారా, ముందొక బల్ల ఉంటే చాలు.

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి